కాంపర్‌వ్యాన్‌లో న్యూజిలాండ్, మధ్యలో టొంగరీరో హైక్: హైదరాబాద్ వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆక్లాండ్‌లో కాంపర్‌వ్యాన్, అంటే లోపలే మంచం, వంటగది ఉన్న బండి, అద్దెకి తీసుకుని నార్త్ ఐలాండ్ తిరుగుతూ మధ్యలో ఒకరోజు టొంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ అనే అగ్నిపర్వతం మీది కొండదారి నడవడం, ఈ ప్లాన్ గురించి ఆఫీసులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరు కనపడినా ఇవే డౌట్లు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే వెళ్ళిపోండి. రేట్లు సీజన్ని బట్టి మారిపోతుంటాయి కాబట్టి ఎక్కడా రాయలేదు.

## టికెట్లు బుక్ చేయకముందు

పిల్లలకి ఎండాకాలం సెలవులు ఇచ్చాకే వెళ్తాం, మేలో అయితే నడవొచ్చా?

వద్దు. మన దగ్గర రోహిణి ఎండలు మండేటప్పుడు అక్కడ చలికాలం మొదలైపోతది. మామూలు మనుషులు మామూలు బూట్లతో ఈ కొండ నడిచే సీజన్ అక్టోబర్ చివరి నుంచి ఏప్రిల్ వరకే. మే నుంచి అక్టోబర్ దాకా పైన మంచు, ఐసు ఉంటాయి, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకి బిగించే ఇనుప ముళ్ళు) వాడటం రావాలి లేదా గైడ్‌తో వెళ్ళాలి. దసరా సెలవులు కూడా నమ్మకం లేదు, అప్పటికి పైన మంచు ఇంకా మిగిలే ఉంటది.

సంక్రాంతి సెలవులకి వాతావరణం బాగానే ఉంటది కానీ అక్కడి స్కూళ్ళకి కూడా అప్పుడు పెద్ద సెలవులు, దాదాపు జనవరి చివరిదాకా, అందుకని వ్యాన్లు ముందే అయిపోతాయి, ఉన్నవాటి రేట్లు కూడా బాగా ఎక్కువ. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి మంచివి. స్కూల్ పిల్లలున్న ఇళ్ళకి సంక్రాంతి సెలవులకి ఇంకో వారం లీవు కలపడమే దారి, టీచర్‌తో ముందే మాట్లాడుకోండి.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉందా? వీసా అక్కడికెళ్ళాక ఇస్తారా?

డైరెక్ట్ లేదు. సింగపూర్, కౌలాలంపూర్, హాంకాంగ్ లాంటి చోట మారాలి. వీసా దిగాక ఇవ్వరు, విజిటర్ వీసా ఆన్‌లైన్‌లో అప్లై చేసి చేతికొచ్చాకే బయల్దేరాలి. ఒక్క విషయం మాత్రం చూసుకోండి, ఆస్ట్రేలియా మీదుగా వెళ్ళే టికెట్ చవగ్గా కనపడితే మన పాస్‌పోర్ట్‌కి అక్కడ ట్రాన్సిట్ వీసా కూడా తీసుకోవాల్సి వస్తది. అక్కడి వేసవిలో టైమ్ మనకన్నా ఏడున్నర గంటలు ముందుంటది, కాబట్టి దిగిన రోజే వ్యాన్ తీసుకుని లాంగ్ డ్రైవ్ పెట్టుకోకండి, ఒక రాత్రి ఆక్లాండ్‌లోనే పడుకుని పొద్దున తీసుకోండి.

హైక్‌కి ఒక్క రోజు చాలు కదా? మిగతా రోజులు రోటరువా, హాబిటన్ లాంటి టూరిస్టు చోట్లు పెట్టుకుంటాం

నడవడానికి ఒక్క రోజే పడతది, నిజమే. కానీ ఆ ఒక్క రోజు ఏదో మీరు డిసైడ్ చేయలేరు, కొండ డిసైడ్ చేస్తది. అక్కడ గాలి, వాన, మబ్బు గంటల్లో మారిపోతాయి, వేసవిలో కూడా రెండేసి రోజులు వరసగా ఎవరూ పైకి పోలేని వాతావరణం రావడం మామూలు. ఇక్కడినుంచే స్ప్రెడ్‌షీట్‌లో "14వ తేదీ టొంగరీరో, 15 పొద్దున వెల్లింగ్టన్ ఫెర్రీ" అని రాసుకొచ్చిన వాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు, ఎందుకంటే 14న గాలి వీస్తే ఇక రెండే దారులు, మానుకోవడం లేదా మొండిగా వెళ్ళడం, మొండిగా వెళ్ళేవాళ్ళే రెస్క్యూ దాకా తెచ్చుకుంటారు.

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, కొండ దగ్గర మూడు రాత్రులు పెట్టుకోండి. హోటల్ అయితే ఇది ఖర్చు, వ్యాన్ అయితే ఇల్లు వెంటే ఉంటది, వాన పడుతుంటే లోపల ఉప్మా చేసుకుని పడుకోవచ్చు, తెరిపిచ్చిన రోజు నడవొచ్చు. మొదటి రోజే వాతావరణం కుదిరితే మిగిలిన రెండు రోజులు టౌపో సరస్సు దగ్గర గడపండి, అవేమీ వేస్ట్ కావు. అసలు అంత డబ్బు పెట్టి కాంపర్‌వ్యాన్ తీసుకునేదే ఈ ఆగే వీలు కోసం. మొత్తం ట్రిప్‌కి పది రోజులే ఉంటే నార్త్ ఐలాండ్ ఒక్కటే చూడండి, సౌత్ ఐలాండ్ ఇంకోసారి.

అన్నా, తెలంగాణ లైసెన్స్‌తో అంత పెద్ద బండి నడపనిస్తారా?

నడపనిస్తారు. మన కార్డు ఇంగ్లీషులోనే ఉంటది కాబట్టి విజిటర్‌గా దాంతోనే నడపొచ్చు. అక్కడ మామూలు కారు లైసెన్స్ మీద 6,000 కిలోల వరకు బండి నడపొచ్చు, అద్దెకిచ్చే ఆరుగురు పట్టే వ్యాన్లు కూడా అందులోపే వస్తాయి. ఒరిజినల్ కార్డు చేతిలో ఉండాలి, డిజీలాకర్‌లో ఉంది, ఫోన్‌లో ఫొటో ఉంది అంటే కుదరదు. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకుంటే మంచిది, కొన్ని రెంటల్ కంపెనీలు అడుగుతాయి. వయసు రూలు కంపెనీని బట్టి ఉంటది, 21 నిండాలనేవాళ్ళు చాలామంది.

అలిపిరి మెట్లు నడిచి ఎక్కాను, అంతే ఉంటదా ఇది?

మన వాళ్ళందరూ అడిగే ప్రశ్న ఇది, అడగడంలో అర్థం కూడా ఉంది, ఎందుకంటే ఎక్కే ఎత్తు దగ్గర దగ్గర అంతే. అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కి దాదాపు 700 మీటర్లు పైకి వెళ్తాం. ఇక్కడ సుమారు 1,120 మీటర్ల దగ్గర మొదలుపెట్టి 1,900కి కాస్త తక్కువ వరకు ఎక్కుతాం.

తేడా మిగతా దాంట్లో ఉంది. అలిపిరి దారికి రెట్టింపు పైనే పొడవు, 20 కిలోమీటర్లు. పైకప్పు లేదు, చెట్టు నీడ చివర్లో తప్ప లేదు, కుళాయి లేదు, టీ కొట్టు లేదు, మధ్యలో అలిసిపోతే బస్సెక్కే వీల్లేదు. పైగా అక్కడ ఎక్కేసి దర్శనం చేసుకుని బస్సులో దిగుతాం, ఇక్కడ ఎక్కింది 800 లోపు అయితే దిగాల్సింది 1,100 మీటర్లు, అదీ అలిసిపోయిన మోకాళ్ళతో. అలిపిరి ఎక్కి వెంటనే శ్రీవారి మెట్టు మీంచి నడిచి దిగి, ఆ తర్వాత ఇంకో ఐదారు కిలోమీటర్లు హాయిగా నడవగలరా? అయితే రండి.

హైదరాబాద్‌లో ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి? జిమ్‌లో ట్రెడ్‌మిల్ చాలదా?

ట్రెడ్‌మిల్ దమ్ము పెంచుతది కానీ దిగడం నేర్పదు, మనకి కావాల్సింది దిగడమే. రెండు మూడు నెలల ముందు నుంచి వారంలో రెండు రోజులు మీ అపార్ట్‌మెంట్ మెట్లు బ్యాగు తగిలించుకుని ఎక్కి దిగండి, లిఫ్ట్‌లో దిగొద్దు. శనాదివారాలు కేబీఆర్ పార్క్ చుట్టూ, ఖాజాగూడ గుట్టల్లో రాళ్ళ మీద, కాస్త అలవాటయ్యాక భువనగిరి ఖిల్లా, అనంతగిరి. భువనగిరిలో ఆ నున్నటి బండ మీంచి దిగేటప్పుడు బూటు ఎంత పట్టుకుంటుందో, వేళ్ళు ముందుకి తగులుతున్నాయో లేదో అక్కడే తెలిసిపోతది. బయల్దేరేలోపు ఒక్కసారైనా ఆగకుండా 15 కిలోమీటర్లు నడిచి చూడండి, మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు ఎలా ఉందో దాన్ని బట్టి మీకే అర్థమైతది.

అమ్మానాన్నల్ని, చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

ట్రిప్‌కి కచ్చితంగా తీసుకెళ్ళండి, క్రాసింగ్‌కి మాత్రం ఆలోచించండి. పదేళ్ళలోపు పిల్లలకి 20 కిలోమీటర్లు, ఆ గాలి, చాలా కష్టం, మధ్యలో ఏడిస్తే ఎత్తుకుని దిగాల్సింది మీరే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి దిగేదారి నరకం. ఒకరు పిల్లలతో, అత్తమ్మ మామయ్యలతో వ్యాన్ దగ్గర ఉండి, ఇంకొకరు నడిచి, వీలుంటే మర్నాడు మార్చుకోవడం బాగా కుదిరే పద్ధతి. ఏడేళ్ళు నిండని పిల్లలకి బండిలో చైల్డ్ సీట్ తప్పనిసరి, వ్యాన్ బుక్ చేసేటప్పుడే చెప్పండి, కొన్ని వ్యాన్లలో వెనక సీట్లకి అది బిగించే వీలే ఉండదు.

## సూట్‌కేస్ సర్దేటప్పుడు

ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా? ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారంట కదా?

తినేది ఏదైనా సరే, అరైవల్ డిక్లరేషన్‌లో ఉందని రాయాలి. రాసి చూపిస్తే వచ్చే నష్టం మహా అయితే ఆ సీసా పోవడం. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల ఫైను. వాళ్ళ దేశం మొత్తం పంటల మీద, పశువుల మీద బతుకుతది కాబట్టి బయటి పురుగు, తెగులు రాకూడదని చాలా గట్టిగా చూస్తారు, అది వాళ్ళ తప్పు కాదు.

కంపెనీ సీలు, లేబులు ఉన్న పచ్చళ్ళు, పొడులు డిక్లేర్ చేసి చూపించండి, నిర్ణయం ఆఫీసర్‌ది. ఇంట్లో పెట్టిన ఆవకాయ డబ్బాలో పోసి తీసుకెళ్తే అందులో ఏముందో వాళ్ళకి తెలీదు కాబట్టి రిస్కే. కరివేపాకు, తేనె, పండ్లు, విత్తనాలు, మాంసం పచ్చళ్ళు, పాలకోవా, నెయ్యి ఇంట్లోనే పెట్టేయండి. నిజానికి మోసుకెళ్ళాల్సిన అవసరమే లేదు, ఆక్లాండ్‌లో సాండ్రింగ్‌హామ్, పాపటోటో వైపు ఇండియన్ షాపులు బోలెడున్నాయి, బియ్యం, కందిపప్పు, చింతపండు, పచ్చళ్ళు అన్నీ దొరుకుతాయి, వ్యాన్ తీసుకోగానే మొదట అటు వెళ్ళండి.

బూట్లు ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా?

ఇక్కడే కొని ఇక్కడే అరగదీయండి. కొత్త బూట్లతో 20 కిలోమీటర్లు నడిస్తే మడమలు బొబ్బలెక్కుతాయి. అర సైజు పెద్దది తీసుకోండి, దిగేటప్పుడు వేళ్ళకి జాగా కావాలి. వాడిన బూట్లు కూడా డిక్లేర్ చేయాల్సిందే, అడుగున మట్టి, గడ్డి గింజలు ఉంటే ఆపుతారు. బయల్దేరే ముందు పాత టూత్‌బ్రష్‌తో అడుగున ఆ గాడుల్లో ఇరుక్కున్న మట్టంతా గీకి, కడిగి, పూర్తిగా ఎండబెట్టి సర్దుకోండి.

వేసవే కదా, స్వెటర్లు ఎందుకు బరువు?

కింద టీషర్ట్‌లో చెమటలు పడుతున్నా పైన రిడ్జ్ మీద, అంటే కొండ సన్నటి అంచు మీద, గాలికి చేతులు కొంకర్లు పోతాయి, జనవరిలో కూడా. మన దగ్గర జీన్స్, కాటన్ టీషర్ట్ వేసుకుని ఎక్కడికైనా వెళ్తాం, అక్కడ అదే పెద్ద ప్రమాదం, కాటన్ తడిస్తే ఆరదు, గాలి తగిలితే ఒంట్లో వేడంతా లాగేస్తది. లోపల ఉన్ని లేదా పాలిస్టర్ బనీను, మీద ఫ్లీస్, అన్నిటి మీద వాన, గాలి రెండూ ఆపే జాకెట్, ఇంకా టోపీ, గ్లౌజులు. చాలావరకు ఇక్కడ డెకాథ్లాన్‌లో దొరుకుతాయి. సన్‌స్క్రీన్, కూలింగ్ గ్లాసులు మర్చిపోవద్దు, ఎండ చల్లగా అనిపించినా అక్కడ యూవీ చాలా ఎక్కువ, నల్లటి చర్మం కదా మనకేం కాదు అనుకోకండి, సాయంత్రానికి ముక్కు, మెడ వెనక మండిపోతాయి.

## వ్యాన్ తీసుకున్నాక

ఎంత సైజు వ్యాన్ తీసుకోవాలి?

ఇద్దరికి రెండు బెర్తులది చాలు, నలుగురికి ఆరు బెర్తులది తీసుకుంటే పొద్దున్నే మంచం మడిచి సోఫా చేసే పని తప్పుతది. కానీ పెద్దది తీసుకునేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, 3,500 కిలోలు దాటిన బండికి హైవే మీద లిమిట్ 90, చిన్నవాటికి 100. ఎత్తు కూడా మూడు మీటర్లు దాటతది, సూపర్‌మార్కెట్ అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లోకి అలవాటుగా తిప్పారంటే పైకప్పు పోయినట్టే, చాలా ఇన్సూరెన్స్‌లు పైకప్పు దెబ్బని కవర్ చేయవు.

రైస్ కుక్కర్, మిక్సీ పనిచేస్తాయా?

పవర్డ్ సైట్‌లో కేబుల్ తగిలిస్తేనే. హాలిడే పార్కులో, అంటే డబ్బు కట్టి వ్యాన్ ఆపుకుని రాత్రి ఉండే క్యాంప్‌లో, ప్రతి వ్యాన్ పక్కన ఒక స్తంభం, దానికి ప్లగ్ ఉంటది, అది పెట్టినప్పుడే గోడ సాకెట్లకి కరెంట్ వస్తది. మిగతా టైంలో బ్యాటరీ మీద లైట్లు, ఫ్రిజ్, నీళ్ళ పంపు మాత్రమే నడుస్తాయి. గ్యాస్ స్టవ్ అయితే ఎక్కడైనా వెలుగుద్ది, కాబట్టి చిన్న రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒకటి ఇంటి నుంచి తీసుకెళ్ళండి, పప్పన్నం పావుగంటలో అయిపోతది, గ్యాసు కూడా మిగులుద్ది. పోపు పెట్టేటప్పుడు కిటికీ, పైన వెంట్ రెండూ తెరవండి, లేకపోతే స్మోక్ అలారం మోగి క్యాంప్ అంతా లేస్తది. బండి కదిలేముందు సిలిండర్ వాల్వ్ కట్టేయాలి.

వ్యాన్‌లో టాయిలెట్ ఎవరు క్లీన్ చేస్తారు?

మనమే. అడగడానికి మొహమాటపడతారు గానీ అందరికీ ఉన్న డౌటే ఇది. టాయిలెట్ కింద ఒక ప్లాస్టిక్ క్యాసెట్ ఉంటది, బండి బయట చిన్న తలుపు తీసి సూట్‌కేస్‌లా లాగి, డంప్ స్టేషన్‌కి, అంటే మురుగు పారబోసే చోటికి, తీసుకెళ్ళి, మూత తీసి, గాలి వెళ్ళే బటన్ నొక్కి పట్టుకుని నిదానంగా వంచాలి, ఆ బటన్ నొక్కకపోతే గుడగుడమని చింది మీద పడతది. తర్వాత నీళ్ళు పోసి ఆడించి మళ్ళీ వంపి, కెమికల్ వేసి పెట్టేయాలి. అయిదు నిమిషాల పని. రోజూ చేస్తే వాసనే ఉండదు, మూడు రోజులు ఆపితే ఉంటది. డంప్ స్టేషన్లు దాదాపు ప్రతి ఊర్లో ఉంటాయి, క్యాంపర్‌మేట్ యాప్‌లో మ్యాప్ మీద చూపిస్తది.

రోడ్డు పక్కన అందమైన చోటు కనపడితే ఆపి పడుకోవచ్చా?

ఎక్కడ పడితే అక్కడ కుదరదు. ఒక్కో కౌన్సిల్‌కి ఒక్కో రూలు, ఎక్కువ చోట్ల సెల్ఫ్ కంటెయిన్డ్ సర్టిఫికెట్ ఉన్న బండికే ఫ్రీగా ఆపే అనుమతి, అంటే లోపల బిగించిన టాయిలెట్, మురుగునీళ్ళ ట్యాంకు ఉండాలి. అద్దం మీద గ్రీన్ వారెంట్ కార్డు ఉందో లేదో వ్యాన్ తీసుకునేటప్పుడే చూసుకోండి. బోర్డులో నో క్యాంపింగ్ అని ఉంటే కర్టెన్లు వేసుకుని పడుకున్నా అది క్యాంపింగే, రాత్రిపూట వచ్చి ఫైన్ కాగితం పెట్టి వెళ్తారు.

డ్రైవింగ్ ఎట్లుంటది? మనలాగే ఎడమ వైపేనా?

ఎడమ వైపే, స్టీరింగ్ కుడివైపే, అందుకే మన వాళ్ళకి అమెరికాకన్నా ఇక్కడ చాలా తేలిక. మారాల్సింది అలవాట్లు. రౌండెబౌట్ దగ్గర కుడి నుంచి వచ్చే బండికి ఆగాలి, నిజంగా ఆగాలి. ఒక్క లేన్ వంతెనలు చాలా వస్తాయి, అక్కడ బోర్డు మీద రెండు బాణాలు ఉంటాయి, మీ వైపు బాణం ఎర్రగా చిన్నగా ఉంటే అవతలి వాళ్ళని పోనివ్వాలి, తెల్లగా పెద్దగా ఉంటే మీరు ముందు, అప్పుడు కూడా చూసుకునే పోవాలి. హారన్ కొడితే తిట్టినట్టే అనుకుంటారు. వెనక బండ్లు పోగైతే స్లో వెహికిల్ బే రాగానే పక్కకి తప్పుకోండి.

ఔటర్ రింగ్ రోడ్ లెక్కలు ఇక్కడ పనికిరావు. ఆక్లాండ్ నుంచి నేషనల్ పార్క్ విలేజ్ సుమారు 340 కిలోమీటర్లు, మలుపులు ఎక్కువ, వ్యాన్‌లో అయిదు గంటలు పైనే పెట్టుకోండి, వెయిటోమో గుహల దగ్గర ఆగితే రోజంతా సరిపోతది.

డీజిల్ కొట్టించాం కదా, రిటర్న్ ఇచ్చేటప్పుడు మళ్ళీ కిలోమీటర్ల ఛార్జ్ ఏంటి?

మోసం కాదు, రోడ్ యూజర్ ఛార్జ్ అంటారు. అక్కడ పెట్రోల్ రేటులో రోడ్డు పన్ను కలిసే ఉంటది, డీజిల్‌లో ఉండదు, అందుకే డీజిల్ బండ్ల దగ్గర తిరిగిన దూరాన్ని బట్టి వసూలు చేస్తారు. రెండు వ్యాన్ల రేట్లు పోల్చేటప్పుడు ఇది కలుపుకుని చూడండి.

## కొండ దగ్గరికి చేరాక

ముందురోజు రాత్రి వ్యాన్ ఎక్కడ పెట్టాలి?

ఫాకపాపా విలేజ్‌లో, నేషనల్ పార్క్ విలేజ్‌లో, స్టేట్ హైవే 47 మీద హాలిడే పార్కులు ఉన్నాయి, పవరు, వేడినీళ్ళు దొరుకుతాయి. అదే హైవే మీద మంగహుయియా అని డాక్ వాళ్ళ సాదా క్యాంప్‌సైట్ ఉంది, డాక్ అంటే డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్, మన అటవీశాఖ లాంటిది. ట్రాక్ మొదలయ్యే కార్ పార్కులో రాత్రి పడుకోనివ్వరు. కూరగాయలు, డీజిల్ టౌపోలోనో, టురాంగిలోనో, తౌమరునుయిలోనో నింపుకుని రండి, కొండ దగ్గర దొరికేవి తక్కువ.

ట్రాక్ మొదట్లో వ్యాన్ పెట్టేసి నడిచొస్తాం, షటిల్ ఎందుకు?

మూడు కారణాలు. ఇది ఒకవైపు నడక, మంగటెపోపోలో మొదలై కొండకి అవతల కెటెటాహిలో తేలతారు. సీజన్‌లో మంగటెపోపో పార్కింగ్‌కి నాలుగు గంటల లిమిట్, నడకకి ఏడెనిమిది గంటలు పడతది. ఇక ఆ రోడ్డు కంకర రోడ్డు, చాలా రెంటల్ అగ్రిమెంట్లలో అలాంటి రోడ్డు మీద ఇన్సూరెన్స్ ఉండదు.

బాగా పనిచేసే పద్ధతి ఏంటంటే, వ్యాన్‌ని కెటెటాహి వైపు షటిల్ వాళ్ళు చెప్పిన చోట పెట్టి, పొద్దున్నే వాళ్ళ బస్సులో మంగటెపోపోకి వెళ్ళి, నడిచి మీ వ్యాన్ దగ్గరికే దిగడం. అప్పుడు సాయంత్రం బస్సు పోతదేమో అని పరుగెత్తే పని లేదు, గ్రూపులో మెల్లగా నడిచేవాళ్ళని తొందరపెట్టే పని అసలే లేదు.

ఎంట్రీ టికెట్ ఉందా?

లేదు. డాక్ సైట్‌లో ఫ్రీ బుకింగ్ చేసుకోమంటారు, చేసుకోండి, ట్రాక్ మూసేస్తే, హెచ్చరిక వస్తే మీకు మెసేజ్ వస్తది. డబ్బులు షటిల్‌కే.

ఫోర్‌కాస్ట్‌లో చిన్న వాన అని ఉంది, వెళ్ళొచ్చా?

వాన కన్నా గాలి చూడండి. ఊరి ఫోర్‌కాస్ట్ కాదు, మెట్‌సర్వీస్‌లో టొంగరీరో నేషనల్ పార్క్ కొండ ఫోర్‌కాస్ట్ అని విడిగా ఉంటది, అందులో పైన గాలి వేగం, చలి ఎంతో ఇస్తారు. ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి చూడండి. షటిల్ వాళ్ళు ఈరోజు నడపం అంటే వాదించొద్దు, డబ్బులు వదులుకుని మరీ వద్దంటున్నారంటే కారణం ఉంటది. గాలి లేకుండా మబ్బు మాత్రమే ఉంటే నడవడానికి ఇబ్బంది ఉండదు కానీ సరస్సులు కనపడవు, ఇంకో రోజు చేతిలో ఉంటే ఆగడమే మంచిది.

అది అగ్నిపర్వతం కదా, పేలితే?

బతికున్న అగ్నిపర్వతమే. 2012 ఆగస్టు 6 రాత్రి టె మారి క్రేటర్, అంటే అగ్నిపర్వతం నోరు, పేలి రాళ్ళు కెటెటాహి హట్ పైకప్పులోంచి లోపల పడ్డాయి, అదృష్టం కొద్దీ లోపల ఎవరూ లేరు. అదే ఏడాది నవంబర్‌లో పట్టపగలు మళ్ళీ పేలింది, ట్రాక్ మీద జనం ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. జియోనెట్ అనే సంస్థ రాత్రింబవళ్ళు కనిపెట్టి 0 నుంచి 5 దాకా అలర్ట్ లెవల్ ఇస్తది, పెరిగితే ట్రాక్ మూసేస్తారు. మీరు చేయాల్సింది పొద్దున ఆ లెవల్ చూడటం, ప్రమాదం అని బోర్డులున్న చోట ఫొటోల కోసం, లంచ్ కోసం కూర్చోకుండా దాటేయడం.

## నడిచే రోజు

దారి ఎట్లా ఉంటది? ఎక్కడ కష్టం?

మొదటి గంటన్నర లోయలో తేలిగ్గా సాగుతది, పక్కన వాగు, పాత లావా గడ్డకట్టిన నల్లరాళ్ళు, మధ్య మధ్యలో చెక్క దారి. సోడా స్ప్రింగ్స్ దాటగానే డెవిల్స్ స్టెయిర్‌కేస్ అనే మెట్ల భాగం, 200 మీటర్లు నిటారుగా. ఇక్కడ అందరూ దమ్ము కోసం ఆగుతారు, సిగ్గేం లేదు, మెల్లగా ఒకే స్పీడులో ఎక్కండి. పైకి రాగానే సౌత్ క్రేటర్, ఒక్కసారిగా బల్లపరుపు, ఎడారిలాంటి మైదానం, మబ్బులో ఉంటే ఎటు నడుస్తున్నామో స్తంభాలు చూసుకుంటూ పోవాల్సిందే.

తర్వాత రెడ్ క్రేటర్‌కి ఎక్కే సన్నటి రిడ్జ్. దారిలో అతి ఎత్తైన చోటు ఇదే, గాలి అసలు రూపం ఇక్కడే తెలుస్తది. పక్కన ముదురు ఎరుపు గొయ్యి, కాళ్ళకింద రాళ్ళ సందుల్లోంచి ఆవిరి, గంధకం వాసన, చెయ్యి నేలకి ఆనిస్తే వెచ్చగా ఉంటది. అక్కడినుంచి కిందికి చూస్తే ఎమరాల్డ్ లేక్స్, మూడు సరస్సులు, ఫొటోల్లో చూసిన ఆ పచ్చ రంగు ఎడిటింగ్ కాదని అప్పుడు నమ్ముతారు. రాళ్ళలోంచి కరిగొచ్చిన ఖనిజాల వల్ల ఆ రంగు.

అసలు కష్టం ఆ సరస్సులకి దిగే వాలు. కొత్త బిల్డింగ్ ముందు పోసిన కంకర కుప్ప మీంచి దిగినట్టు, అడుగేస్తే నేల కూడా మీతో జారుతది. భయంతో వెనక్కి వాలితేనే పడతారు. మోకాళ్ళు కొంచెం వంచి, మడమ గుచ్చి, చిన్న చిన్న అడుగులు, జారినా అది మిమ్మల్ని కొంచెం దూరం మోసి ఆగుతది. నడక కర్రలు ఉంటే సగం భయం పోతది. ముందున్న మనిషికి దూరం ఉంచండి.

బ్లూ లేక్ దాటాక అందం అయిపోయింది, ఇక దిగడమే అనుకుంటారు, నిజానికి ఇంకా సగం దారి ఉంది. గడ్డి కొండల మీద తిరుగుడు దారి, ఎదురుగా రోటోయైరా, టౌపో సరస్సులు, చివర్లో అడవి. ఈ అడవి అందరి ఓపికనీ పరీక్షిస్తది, ప్రతి మలుపు దగ్గరా అయిపోయిందనిపిస్తది, అవ్వదు. ఇక్కడికోసం ఒక చాక్లెట్ దాచుకోండి.

తిండి, నీళ్ళు ఎంత మోయాలి?

మనిషికి రెండున్నర, మూడు లీటర్లు నీళ్ళు, దారిలో తాగే నీళ్ళు లేవు, సరస్సుల్లోవి తాగేవి కావు. పొద్దున వ్యాన్‌లో పులిహోర కలుపుకుని, చపాతీలో ఆలూ కూర చుట్టుకుని తీసుకెళ్ళండి, చల్లారినా తినొచ్చు, చింతపండు పులుపు, ఉప్పు ఒంటికి కూడా మంచిదే. పల్లీ చిక్కీలు జేబులో పెట్టుకోండి. పెరుగన్నం వద్దు, కడుపు నిండి నిద్రొస్తది. కవర్లు, టిష్యూలు, పండు తొక్కలు అన్నీ వెనక్కి మోసుకురావాల్సిందే, చెత్తబుట్టలు లేవు.

దారిలో టాయిలెట్లు ఉంటాయా? ఆడవాళ్ళకి ఇబ్బందా?

మొదట్లో కార్ పార్క్ దగ్గర, సోడా స్ప్రింగ్స్ దగ్గర ఉన్నాయి, సోడా స్ప్రింగ్స్‌లో తప్పకుండా వెళ్ళిరండి, పైన క్రేటర్లలో చెట్టు చాటు కూడా దొరకదు. టాయిలెట్ పేపర్, శానిటైజర్ మీవే తీసుకెళ్ళండి. నీళ్ళు తక్కువ తాగితే సరిపోతదని మన ఆడవాళ్ళు చాలామంది అనుకుంటారు, దయచేసి అలా చేయొద్దు, ఆ ఎండలో, గాలిలో కళ్ళు తిరిగి పడిపోతారు.

ఎక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగితే మంచిది?

సౌత్ క్రేటర్‌లో ఆగి అందరి మొహాలు చూడండి. ఎవరైనా వణుకుతున్నా, మాట తడబడుతున్నా, రిడ్జ్ మీద జనం ఒంగి నడుస్తున్నా అక్కడినుంచే వెనక్కి తిరగండి. రెడ్ క్రేటర్ దాటి ఆ కంకర వాలు దిగాక వెనక్కి ఎక్కడం ముందుకి పోవడం కన్నా కష్టం. వెనక్కి వస్తే షటిల్ వాళ్ళకి ఫోన్ చేయండి, మంగటెపోపో నుంచి తీసుకెళ్తారా లేదా, ఎన్నింటిదాకా అని పొద్దున ఎక్కేటప్పుడే అడిగి పెట్టుకోవాలి.

పక్కనే కోన్‌లా ఉన్న కొండ ఎక్కొచ్చా? సరస్సులో కాళ్ళు పెట్టొచ్చా?

రెండూ వద్దు. ఆ కొండ న్గౌరుహోయ్, 2,291 మీటర్లు. ఈ శిఖరాలు అక్కడి మూలవాసులైన మావోరీ వాళ్ళకి పూర్వీకులతో సమానం. 1887లో వాళ్ళ పెద్ద హోరోనుకు టె హ్యూహ్యూ టుకినో ఈ శిఖరాలని జాతికి అప్పగించాడు, దాంతోనే న్యూజిలాండ్ మొదటి నేషనల్ పార్క్ పుట్టింది. యునెస్కో కూడా 1990లో ప్రకృతి కోసం, 1993లో ఆ జనం సంస్కృతి కోసం రెండుసార్లు గుర్తించింది. శిఖరాలు ఎక్కొద్దని, సరస్సుల నీళ్ళు ముట్టుకోవద్దని వాళ్ళు అడుగుతున్నారు. మన గుడి కోనేట్లో చెప్పులతో ఎవరైనా దిగితే మనకెలా ఉంటదో మనకి ఎవరూ వివరించక్కర్లేదు. నాణేలు వేయడం, రాళ్ళు పేర్చడం కూడా వద్దు. డ్రోన్‌కి పర్మిట్ లేకుండా అనుమతి లేదు.

కాలు బెణికితే, దారి తప్పితే ఏం చేయాలి?

ఎమర్జెన్సీ నంబర్ 111. సిగ్నల్ అన్నిచోట్లా రాదు, అందుకే లొకేటర్ బీకన్ అద్దెకి తీసుకుంటే మంచిది, బటన్ నొక్కితే శాటిలైట్ ద్వారా రెస్క్యూకి తెలుస్తది. యాక్సిడెంట్ దెబ్బలకి విజిటర్లకి కూడా అక్కడి ఏసీసీ పథకం కింద వైద్యం ఖర్చులో సాయం ఉంటది, కానీ జ్వరం, గుండెనొప్పి లాంటి జబ్బులకి, టికెట్ల నష్టానికి వర్తించదు, కాబట్టి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, అందులో హైకింగ్ కవర్ అయ్యేలా చూసుకోండి. ఏ దారిలో వెళ్తున్నారు, ఎన్నింటికి వస్తారు అనేది వ్యాన్‌లో ఉన్నవాళ్ళకో, హాలిడే పార్క్ రిసెప్షన్‌లోనో చెప్పి వెళ్ళండి.

## దిగాక

మూడింటికే దిగేస్తాం కదా, అదే రోజు వెల్లింగ్టన్ వెళ్ళిపోవచ్చా?

వెళ్ళొద్దు. ఎనిమిది గంటలు నడిచాక స్టీరింగ్ ముందు కూర్చుంటే అరగంటలో కళ్ళు మూతపడతాయి, ఆ రోడ్ల మీద ఎదురుగా లాగ్ ట్రక్కులు వస్తుంటాయి. జనవరిలో ఎనిమిదిన్నర దాటాక గానీ చీకటి పడదు కాబట్టి టైమ్ ఉంది కదా అనిపిస్తది, ఒంట్లో ఓపిక మాత్రం ఉండదు. దగ్గర్లోనే పవర్డ్ సైట్ ముందే బుక్ చేసుకోండి, వేడినీళ్ళ స్నానం, చారన్నం, నిద్ర. నడవకుండా ఉండిపోయిన వాళ్ళు వంట చేసి ఉంచితే ఇంకేం కావాలి.

మూడు రోజులు ఆగినా వాతావరణం కుదరలేదు, ఇంకేం నడవొచ్చు?

ఫాకపాపా విలేజ్ నుంచి టరనాకి ఫాల్స్ చుట్టు దారి ఉంది, 6 కిలోమీటర్లు, రెండు గంటలు, పిల్లలు, పెద్దవాళ్ళు కూడా నెమ్మదిగా నడవొచ్చు, చినుకుల్లో కూడా బాగుంటది. గాలి కాస్త తగ్గితే అదే వైపు నుంచి తామా లేక్స్, వెళ్ళిరావడానికి 17 కిలోమీటర్లు, అయిదారు గంటలు, క్రాసింగ్ అంత నిటారుగా ఉండదు, జనం కూడా తక్కువ, షటిల్ అక్కర్లేదు. వ్యాన్ విలేజ్‌లోనే ఉంటది కాబట్టి ఎక్కడ ఇబ్బంది అనిపిస్తే అక్కడ వెనక్కి తిరగొచ్చు.